ఆకాశం కింద పాఠం: పసిపిల్లల వాతావరణ విద్య – ఒక చారిత్రక పరిశీలన

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
– పిల్లలకు ఆరుబయట వాతావరణాన్ని బోధించాలన్న ఆలోచన ఎక్కడ, ఏ పరిస్థితుల్లో పుట్టిందో చెప్పగలుగుతారు;
– ఆ ఆలోచన భారతదేశానికి వచ్చినప్పుడు ఎందుకు రూపం మార్చుకోవలసి వచ్చిందో వివరించగలుగుతారు;
– శాంతినికేతన్, సేవాగ్రామ్, కోస్బాడ్ ప్రయోగాలను పోల్చగలుగుతారు;
– మీ ఊరి పిల్లలతో చేయగల కొన్ని పరిశీలనలను, వాటి చారిత్రక నేపథ్యంతో సహా, రూపొందించగలుగుతారు.

1. పరిచయం

కొన్నేళ్ళ కిందట శిక్షణలో ఉన్న ఒక ఉపాధ్యాయిని బోధనాభ్యాసం చూడడానికి నేను ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్ళాను. జూలై నెల, రెండో తరగతి. పాఠం పేరు 'వాన'. పాఠం మొదలైన పది నిమిషాలకు బయట నిజంగానే వాన మొదలైంది. జల్లు లోపలికి కొడుతోందని, పిల్లల దృష్టి మళ్ళుతోందని ఆమె కిటికీలు, తలుపు మూయించింది. గోడకు తగిలించిన చార్టు మీద మేఘం బొమ్మ చూపిస్తూ పాఠం కొనసాగించింది. తలుపు సందులోంచి చేయి బయటపెట్టి, ఆ తడిని పక్కవాడి చెంపకు రాసిన ఒక పిల్లవాడికి మందలింపు దక్కింది. నేను ఆ పాఠానికి మంచి మార్కులే వేశాను. పాఠ్య పథకంలో రాసుకున్నవన్నీ ఆమె వరుసగా చేసింది మరి. ఆ మార్కులు సరైనవి కావని నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

ఆమె తలుపు ఎందుకు మూసింది? నేను ఎందుకు మెచ్చుకున్నాను? ఇది ఇద్దరు వ్యక్తుల పొరపాటు మాత్రమే అయితే చరిత్ర పాఠంలో దానికి చోటు అక్కర్లేదు. వాన గురించిన చదువు వేరు, వాన వేరు అన్న అలవాటు మన బడుల్లో ఎలా స్థిరపడిందో, దాన్ని మార్చడానికి ఎవరెవరు ఏం చేశారో తెలుసుకుంటేనే ఆ ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

ముందుగా రెండు పదాల మధ్య తేడా గుర్తుంచుకోండి. ఒక చోట, ఒక రోజున ఉన్న ఎండ, గాలి, వాన, తేమ, మబ్బుల స్థితి వాతావరణం. అనేక సంవత్సరాల వాతావరణపు సగటు తీరు శీతోష్ణస్థితి. పసిపిల్లలకు అందేది మొదటిదే. దాన్ని చూడవచ్చు, తాకవచ్చు, రేపటి దానితో పోల్చవచ్చు. రెండోది లెక్కల్లోనే తెలుస్తుంది.

ఈ పాఠ్యభాగంలో నేను మీ ముందు ఉంచే వాదన ఇది. పాశ్చాత్య దేశాల సంస్కర్తలకు ఎదురైన సమస్య, గదుల్లో మగ్గుతున్న పిల్లలను బయటికి తీసుకురావడం. మన దేశంలో పిల్లలు అధిక సంఖ్యలో అప్పటికే బయట ఉన్నారు. పశువులు కాస్తూ, నారు అందిస్తూ, ఎండలోనూ వానలోనూ పనిచేస్తూ ఉన్నారు. కాబట్టి మన సమస్య వేరు. బయట పిల్లలు నేర్చుకున్నదాన్ని బడి లోపలికి రానివ్వడమే అసలు ప్రశ్న. ఈ తేడాను గుర్తించిన ప్రయోగాలు నిలదొక్కుకున్నాయి. గుర్తించనివి చార్టులుగా మిగిలాయి.

2. ఐరోపా, అమెరికాలలో: గది నుంచి ఆరుబయటికి

1762లో ఫ్రెంచి రచయిత రూసో తన 'ఎమిలీ' గ్రంథంలో ఒక సన్నివేశాన్ని కల్పించాడు. మోన్మొరాన్సీ అడవిలో దారి తప్పిన పిల్లవాడు మధ్యాహ్నపు నీడను బట్టి ఉత్తర దిక్కు ఎటో గుర్తించి, ఇంటి దారి కనుక్కుంటాడు. దిక్కుల పాఠం అంతకుముందే పుస్తకంలో చెప్పి ఉంటే అది గుర్తుండేది కాదనీ, ఆకలీ అలసటా వేసిన వేళ అవసరమై నేర్చుకున్నది మరపురాదనీ రూసో ఆశయం. స్విట్జర్లాండుకు చెందిన పెస్టలోజీ ఈ ఆలోచనను బోధనా పద్ధతిగా మలిచాడు. మాట కంటే ముందు వస్తువు, నిర్వచనం కంటే ముందు అనుభవం అన్నది ఆయన సూత్రం.

పెస్టలోజీ దగ్గర పనిచేసిన జర్మన్ విద్యావేత్త ఫ్రోబెల్ 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్‌లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థ ప్రారంభించాడు. తరువాత దానికే 'కిండర్‌గార్టెన్', అంటే పిల్లల తోట, అన్న పేరు వచ్చింది. 1844లో తల్లుల కోసం ఆయన ప్రచురించిన ఆటపాటల పుస్తకంలో గాలికోడి ఆట ఒకటి ఉంది. పిల్లలు తమ అరచేతినే గోపురం మీది గాలికోడిలా అటూ ఇటూ తిప్పుతారు. కనిపించని గాలి, కనిపించే వస్తువును కదిలిస్తుందన్న సంగతి మాటలు పూర్తిగా రాని వయసులోనే చేతికి తెలుస్తుంది. వాతావరణ విద్యలో పరికరం కంటే ముందు శరీరం వస్తుందని ఈ చిన్న ఆట చూపుతుంది.

అమెరికాలో ఇదే ధోరణి 'ప్రకృతి పరిశీలన' అన్న ఉద్యమంగా పెరిగింది. 1890ల మొదట్లో న్యూయార్కు రాష్ట్రంలో వ్యవసాయం దెబ్బతిని, గ్రామీణ యువత పట్నాలకు వలసపోతున్నప్పుడు, పల్లె పిల్లలకు తమ నేల మీద ఆసక్తి కలిగించాలన్న ఉద్దేశంతో కార్నెల్ విశ్వవిద్యాలయం ఈ పని చేపట్టింది. ఉపాధ్యాయులకు పోస్టులో కరపత్రాలు పంపింది. దూరవిద్యలో చదువుతున్న మీకు ఈ సంగతి ఆసక్తి కలిగించాలి. ఒక రకంగా అదీ దూరవిద్యే. ఆ కృషికి నాయకత్వం వహించినవారిలో ఒకరైన అనా బాట్స్‌ఫర్డ్ కామ్‌స్టాక్ 1911లో ప్రచురించిన ఉపాధ్యాయుల కరదీపికలో మొక్కలు, పక్షులతో పాటు వాతావరణానికీ చోటు దక్కింది. లండన్‌లో మార్గరెట్ మెక్‌మిలన్ 1914లో డెట్‌ఫర్డ్ పేదవాడలో ఆరుబయలు శిశుపాఠశాల తెరవడానికి కారణం ఇంకా సూటిగా ఉంటుంది. చీకటి ఇళ్ళలో పెరిగే కార్మికుల పిల్లలకు ఎండా గాలీ అందక జబ్బులు వస్తున్నాయి.

ఈ ప్రయత్నాలన్నిటిలో ఉమ్మడి అంశం ఒకటి ఉంది. పారిశ్రామిక నగరం ఒక పక్క, దానికి విరుగుడుగా ప్రకృతి మరో పక్క.

3. వలసపాలనలో 'వస్తుపాఠం'

పెస్టలోజీ పద్ధతి ఇంగ్లండు చేరేసరికి 'వస్తుపాఠం'గా మారింది. ఎలిజబెత్ మేయో 1830 ప్రాంతంలో రాసిన వస్తుపాఠాల పుస్తకంలో మొదటి పాఠం గాజు మీద. గాజు పారదర్శకం, పెళుసు అన్న లక్షణాలను పిల్లలు గుర్తించి చెప్పాలి. ఉద్దేశం మంచిదే. కాని ఏం చూడాలో, చూసి ఏం అనాలో ముందే నిర్ణయమై ఉన్నప్పుడు చూడవలసిన అవసరమే ఉండదు, జవాబు వల్లిస్తే చాలు. వస్తుపాఠం క్రమంగా మరో వల్లెవేతగా దిగజారిందని ఆ కాలపు సంస్కర్తలే విమర్శించారు.

ఈ వస్తుపాఠాలు 19వ శతాబ్ది చివరినాటికి మద్రాసు ప్రెసిడెన్సీ ప్రాథమిక పాఠశాలల్లోకీ వచ్చాయి. 1904లో కర్జన్ ప్రభుత్వం వెలువరించిన విద్యావిధాన తీర్మానం, గ్రామీణ బడులు పిల్లలను తెలివైన సేద్యగాళ్ళుగా, పరిశీలకులుగా, ఆలోచనాపరులుగా తయారుచేయాలని ఆశించింది. ఆ వాక్యం చదివితే ఒక అనుమానం కలుగుతుంది. సేద్యగాడి పిల్లవాడు అప్పటికే పరిశీలకుడు కాదా? ఏ మబ్బు కురుస్తుంది, ఏ మబ్బు ఊరికే పోతుంది, ఏ వానకు దుక్కి దున్నాలి, ఏ వానకు విత్తనం వేయాలి అన్న చర్చ రోజూ ఆ ఇంటి అరుగు మీద జరిగేదే. దాన్ని బడి జ్ఞానంగా లెక్కించలేదు. లెక్కించి ఉంటే పాఠం అక్కడి నుంచి మొదలయ్యేది.

అదే కాలంలో వాతావరణ శాస్త్రం మన దేశంలో స్థిరపడుతోంది. మద్రాసు వేధశాల 1792లో ఏర్పడింది. 1840లో విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు సొంత వేధశాల నెలకొల్పాడు. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. అయితే ఈ శాస్త్రం కలెక్టరు కచేరీకి, ఓడరేవుకు, రైల్వేకు చేరినంత సులువుగా పల్లెబడికి చేరలేదు. వర్షమాపకం తాలూకా ఆఫీసు ఆవరణలో ఉండేది. బడి ఆవరణలో ఉండేది కాదు.

4. శాంతినికేతన్ నుంచి సేవాగ్రామ్ వరకు

1901 డిసెంబరులో రవీంద్రనాథ ఠాగూర్ శాంతినికేతన్‌లో కొద్దిమంది పిల్లలతో బడి ప్రారంభించాడు. చెట్ల నీడన తరగతులు జరిగేవి. తరగతికి గోడలు లేకపోతే వాతావరణం పాఠానికి అడ్డం రాదు, పాఠంలో భాగమవుతుంది. వర్షాకాలపు వేడుక 'వర్షామంగళ్', మొక్కలు నాటే 'వృక్షారోపణం' వంటి ఋతు ఉత్సవాలు అక్కడి విద్యాసంవత్సరంలో భాగమయ్యాయి. అయితే శాంతినికేతన్‌కు వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది చదువుకున్న కుటుంబాలవారు. చుట్టుపక్కల పేద గ్రామీణ పిల్లల కోసం 1924లో 'శిక్షాసత్ర' అన్న మరో బడి మొదలైంది. అక్కడ తోటపని, చేతిపనులు, నిత్యజీవితపు పనులే చదువుకు ఆధారం. ఋతువును పండుగగా చూడటం ఒకటి, ఋతువుతో పనిచేయడం మరొకటి. ఠాగూర్ రెంటికీ చోటిచ్చాడు.

గుజరాత్‌లోని భావనగర్‌లో 1920లో గిజూభాయి బధేకా బాలమందిరం ప్రారంభించాడు. ఆయన 'దివాస్వప్న' తెలుగులో 'పగటి కల'గా వచ్చి, మన ఉపాధ్యాయుల్లో ఎంతోమంది చదివిన పుస్తకం. కథలు, ఆటలు, ఊరి వెలుపలికి షికార్లు చదువులో భాగమేనని అందులోని ఉపాధ్యాయుడు పై అధికారులకు నిరూపించవలసి వస్తుంది. ఆ ఇబ్బంది నేటి ఉపాధ్యాయులకు కొత్తది కాదు.

1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన జాతీయ విద్యా సమావేశం, గాంధీజీ ప్రతిపాదించిన 'నయీ తాలీం'ను చర్చించింది. జాకిర్ హుసేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం అదే ఏడాది డిసెంబరులో నివేదిక ఇచ్చింది. మాతృభాషలో, ఏదైనా ఒక ఉత్పాదక వృత్తి కేంద్రంగా, ఏడు సంవత్సరాల ఉచిత నిర్బంధ విద్య ఉండాలని సూచించింది. సామాన్య విజ్ఞానంలో ప్రకృతి పరిశీలనతో పాటు, రాత్రివేళ దిక్కునూ కాలాన్నీ తెలిపే నక్షత్రాల పరిచయమూ చేర్చింది. 1945 నాటికి గాంధీజీ ఈ విద్య పరిధిని పసితనం నుంచి వృద్ధాప్యం వరకు విస్తరించగా, సేవాగ్రామ్‌లో బడి ఈడు రాని పిల్లల కోసం పూర్వ బునియాదీ విద్య కూడా రూపుదిద్దుకుంది.

నయీ తాలీంలో వాతావరణం ప్రత్యేక పాఠం కానక్కర్లేదు, పనిలోంచే వస్తుంది. గాలి పొడిగా ఉన్నప్పుడు నూలుపోగు తేలికగా తెగుతుంది, తేమ ఉన్నప్పుడు నిలుస్తుంది. కారణం అడగకుండా ఏ పిల్లా ఊరుకోదు. కూరగాయల మడికి ఈ రోజు నీరు పెట్టాలా వద్దా అన్నది నిన్నటి వానను బట్టి తేల్చాలి. ఇక్కడ పరిశీలనకు ఒక పర్యవసానం ఉంది. తప్పుగా చూస్తే మొక్క వాడిపోతుంది. చార్టు మీద మేఘాన్ని తప్పుగా చూసినందువల్ల ఏదీ వాడిపోదు.

స్వాతంత్ర్యం తరువాత మన ప్రాంతంలోనూ బేసిక్ పాఠశాలలు, బేసిక్ ట్రైనింగు స్కూళ్ళు నడిచాయి. కాని అనేకచోట్ల తకిలి మిగిలి, దాని చుట్టూ అల్లవలసిన చదువు జారిపోయింది. తల్లిదండ్రుల్లోనూ ఒక సందేహం ఉండేది: పట్నం పిల్లలకు ఇంగ్లీషు, మా పిల్లలకు నూలు వడకడమా? ఆ సందేహం అన్యాయమైనది కాదు. బయటి పనిని కొందరి పిల్లలకే పరిమితం చేసిన విద్య సమానత్వాన్ని ఇవ్వలేదు. దీన్ని మీరు విమర్శనాత్మకంగా గుర్తుంచుకోవాలి.

5. కోస్బాడ్: ముంగిలికి వచ్చిన బడి

నా దృష్టిలో ఈ చరిత్రలో అతి ముఖ్యమైన మలుపు మహారాష్ట్రలో వచ్చింది. గిజూభాయితో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ 1926లో నూతన బాలశిక్షణ సంఘం స్థాపనలో పాలుపంచుకుంది. 1945లో ఆమె పట్నం వదిలి బోర్డీ గ్రామంలో గ్రామ బాలశిక్షా కేంద్రం ప్రారంభించింది. అనూతాయి వాఘ్ ఆమెకు తోడైంది. 1957లో ఈ కృషి వార్లీ ఆదివాసులు నివసించే కోస్బాడ్ కొండకు మారింది.

అక్కడ వారికి ఎదురైన వాస్తవం సూటిగా ఉంది. బడి కట్టినా పిల్లలు రాలేదు. పెద్దపిల్లలు పశువుల వెంట వెళ్ళేవారు, వాళ్ళ చంకల్లో చిన్నపిల్లలు ఉండేవారు. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల దగ్గరికి వెళ్ళాలని వారు నిర్ణయించుకున్నారు. గూడెంలో ఇళ్ళ ముందున్న ముంగిట్లో చిన్నపిల్లల కేంద్రాలు నడిపారు. 'అంగన్' అంటే ముంగిలి. ఆ ముంగిటి బడికి 'అంగన్‌వాడీ' అని పేరు. పశువులు మేసే బయలులోనే, పశువులు కాసే పిల్లల కోసం 'పచ్చికబయలు బడి' నడిపారు. ఖరీదైన మాంటిస్సోరి పరికరాలకు బదులు గులకరాళ్ళు, గింజలు, ఆకులు, గవ్వలు వాడారు.

ఈ ప్రయోగానికీ డెట్‌ఫర్డ్ ఆరుబయలు బడికీ ఉన్న తేడా గమనించండి. మెక్‌మిలన్ పిల్లలను ఎండలోకి తీసుకువచ్చింది. తారాబాయి, అప్పటికే ఎండలో ఉన్న పిల్లల దగ్గరికి చదువును తీసుకువెళ్ళింది. పచ్చికబయలులో కూర్చున్న పిల్లలకు మబ్బు గురించి ఉపాధ్యాయురాలి కంటే తక్కువేమీ తెలియదు. వారికి లేనివి పేర్లు, లెక్క, రాత. బడి ఇవ్వవలసినవి అవే.

1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైనప్పుడు ఆ కేంద్రాలకు అంగన్‌వాడీ అన్న పేరే స్థిరపడింది. నేడు మన ప్రతి ఊళ్ళో ఆ మాట వినిపిస్తుంది. దాని పేరులోనే ఆరుబయలు ఉందన్న సంగతి మాత్రం, ఇరుకు అద్దె గదిలో నడిచే కేంద్రాన్ని చూసినప్పుడు ఎవరికీ గుర్తురాదు.

6. స్వాతంత్ర్యానంతర పాఠ్యప్రణాళికలు

రెండో ప్రపంచ యుద్ధంలో బడులు, ప్రయోగశాలలు ధ్వంసమైన దేశాల ఉపాధ్యాయుల కోసం యునెస్కో ఒక చిన్న పుస్తకం వెలువరించింది. అది పెరిగి 1956లో సైన్సు ఉపాధ్యాయుల ఆకర గ్రంథంగా వచ్చింది. డబ్బాలు, సీసాలు, గాజు గొట్టాలతో గాలిసూచి, వర్షమాపకం వంటి వాటిని చేసుకునే తీరు అందులో ఉంది. పరికరాలు కొనలేని పేద దేశాల బడులకు అది గట్టి ఆధారమైంది.

మన దేశంలో 1964–66 నాటి కొఠారీ కమిషన్, ప్రాథమిక తరగతుల్లో సైన్సు బోధన పిల్లల పరిసరాల మీద కేంద్రీకరించాలని సూచించింది. 1975లో ఎన్‌సీఈఆర్‌టీ వెలువరించిన పదేళ్ళ పాఠశాల పాఠ్యప్రణాళిక చట్రంలో పరిసరాల అధ్యయనం ఒక పాఠ్యాంశంగా నిలిచింది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పాఠశాలలతో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమం, ప్రభుత్వ గ్రామీణ బడుల్లోనూ పిల్లలు స్వయంగా ప్రయోగాలు చేయగలరని నిరూపించింది. అది ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఉద్దేశించినదే అయినా, దాని ప్రభావం ప్రాథమిక విద్యలోకీ ప్రసరించింది. 2002లో ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, బడి చదువును బడి వెలుపలి జీవితంతో కలపాలన్న సూత్రాన్ని మొదటి వరుసలో పెట్టింది. ఆ క్రమంలోనే మన 'పరిసరాల విజ్ఞానం' పుస్తకాల్లో 'చూడండి, అడగండి, నమోదు చేయండి' వంటి కృత్యాలు విరివిగా చేరాయి.

మరి నా పరిశీలనలోని తలుపు ఎందుకు మూసుకుంది? ప్రణాళికల్లో లోపం లేదు. వాటిని అమలుపరిచే రోజువారీ పరిస్థితుల్లో ఉంది. వరసగా నలభై నిమిషాల పీరియడ్లు. పరీక్షలో అడిగేది నిర్వచనం. బయట పిల్లలకు ఏమైనా అయితే బాధ్యత ఉపాధ్యాయులది. అనేక ప్రైవేటు బడులకు ఆవరణే లేదు. ఈ నాలుగింటినీ మార్చకుండా పుస్తకంలో కృత్యాన్ని చేర్చితే, పిల్లలు కృత్యానికి జవాబును గైడులో చూసి రాసుకుంటారు. వస్తుపాఠానికి పట్టిన గతే దీనికీ పడుతుంది.

7. కార్తెలూ కొలతలూ: తెలుగు నేల

తెలుగు రైతు సంవత్సరాన్ని 27 కార్తెలుగా విభజించుకున్నాడు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజుల కాలం ఒక కార్తె. మే చివరి వారంలో వచ్చే రోహిణి కార్తె ఎండకు రోళ్ళు పగులుతాయంటారు. జూన్ మొదటి వారం చివర వచ్చే మృగశిరతో తొలకరికి ఎదురుచూపు. తరువాత ఆరుద్ర. వానలు మొహం చాటేస్తే పిల్లలు వేపమండల మధ్య కప్పను కట్టిన కావడి మోసుకుంటూ ఇంటింటికీ తిరిగి నీళ్ళు పోయించుకునే కప్పతల్లి ఆచారం ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో కనిపిస్తుంది.

దీన్ని బడి రెండు రకాలుగా దూరం పెట్టింది. ఒకటి, మూఢనమ్మకమని కొట్టివేయడం. రెండు, మన పూర్వీకులకు అన్నీ తెలుసని మెచ్చుకొని వదిలేయడం. రెండూ పరిశీలనకు దారి మూసేవే. బడి చేయవలసిన పని వేరు. మృగశిర ప్రవేశించిన రోజున వాన పడిందా, పడితే ఎంత పడిందని కొలిచి రాసి, అదే రికార్డును మరుసటి తరగతికి అప్పగించాలి. అయిదారేళ్ళ లెక్క చేతికి వస్తే కార్తె చెప్పినదానికీ కురిసినదానికీ పొత్తు ఎంతో పిల్లలే తేలుస్తారు. కొలత మనకు పరాయిది కాదు. ధాన్యాగారంలో మూరెడు మూతి ఉన్న పాత్రను వర్షం కొలవడానికి ఉంచాలని అర్థశాస్త్రం చెబుతుంది.

మరో ఉదాహరణ. శ్రావణ, భాద్రపదాలు వర్షఋతువు అని మన పిల్లలు వల్లిస్తారు. కాని నెల్లూరు జిల్లాలో ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరుల్లో, అంటే లెక్క ప్రకారం శరదృతువులో పడుతుంది. నెల్లూరు పిల్ల తన కళ్ళను నమ్మాలా, పుస్తకాన్ని నమ్మాలా? ఆ ప్రశ్న తరగతిలో వినిపించిన రోజే వాతావరణ విద్య మొదలవుతుంది.

ఇది ముచ్చట కోసం చేసే పని కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది చనిపోయారు. నేడు ఉపగ్రహాలు ఉన్నాయి, హెచ్చరికలు ఇంటింటికీ చేరుతున్నాయి. అయినా హెచ్చరిక విన్నవారికి అర్థం కావాలి. తుఫాను కన్ను ఊరి మీదికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా ఆగి, ఆకాశం తేటపడవచ్చు. అయిపోయిందనుకొని బయటికి వచ్చినవారి మీదికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ విరుచుకుపడుతుంది. రేవులో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 వరకు ఉంటాయని, మూడో నంబరుకూ పదో నంబరుకూ ఎంతో తేడా ఉందని తీరప్రాంతపు ఎనిమిదేళ్ళ పిల్లలకు తెలియడం అవసరం. గాలి దిక్కును రోజూ గమనించే అలవాటున్న పిల్లలకు ఇది కొత్త పాఠంలా అనిపించదు.

8. చేసి చూడవలసిన నాలుగు పనులు

ఇప్పుడు మీ వంతు. మీ ఇంట్లోనో, వీధిలోనో, అంగన్‌వాడీలోనో ఉన్న పిల్లలతో ఈ కిందివి చేయండి. అయిదారేళ్ళలోపు వారికి అంకెలు వద్దు, బొమ్మలు చాలు. ఏడెనిమిదేళ్ళ వారు కొలిచి రాయగలరు.

నీడ: సమతలంగా ఉన్న నేలలో ఒక కర్ర నిటారుగా పాతండి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం నీడ కొస దగ్గర రాయి పెట్టించండి. అతి పొట్టి నీడ పడిన వేళ అది ఉత్తర–దక్షిణాలను చూపుతుంది. రూసో కథలోని పిల్లవాడు వాడుకున్నది ఈ సూత్రాన్నే. సూర్యుణ్ణి నేరుగా చూడవద్దని ముందే చెప్పండి.

గాలి: ఒక గుడ్డపీలికను కర్రకు కట్టి, అది ఎటు ఎగురుతుందో చూడమనండి. గాలి పేరు అది వచ్చే దిక్కును బట్టి ఉంటుంది. పీలిక తూర్పుకు ఎగిరితే అది పడమటి గాలి. వేగానికి పరికరం అవసరం లేదు. 1805లో బ్యూఫోర్ట్ నౌకల కోసం గాలి తీవ్రతకు ఒక క్రమం ఏర్పరచగా, 1906లో జార్జి సింప్సన్ దాన్ని నేల మీది గుర్తులకు అన్వయించాడు. పొగ నిటారుగా లేస్తే సున్నా. ముఖానికి గాలి తగిలి, ఆకులు గలగలమంటే రెండు. దుమ్ము, కాగితాలు లేస్తే నాలుగు. పెద్ద కొమ్మలు ఊగి, గొడుగు పట్టుకోవడం కష్టమైతే ఆరు.

వాన: అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పు ఉన్న గాజు సీసానో గ్లాసునో చెట్లకు, చూరుకు దూరంగా పెట్టండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో నీటి ఎత్తు కొలిచి పారబోయండి. మన వాతావరణ శాఖ వాన కొలిచే వేళ కూడా అదే. మూతి చిన్నదైనా పెద్దదైనా ఎత్తు దాదాపు ఒకటే వస్తుంది. ఎందుకో పిల్లలను ఆలోచించనివ్వండి. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీరు. 24 గంటల్లో 2.5 మిల్లీమీటర్లు, ఆపైన కురిస్తేనే వాతావరణ శాఖ దాన్ని 'వర్షపు రోజు'గా లెక్కిస్తుంది.

ఆరడం: ఒకే కొలత గల రెండు గుడ్డముక్కలు తడిపి, ఒకటి ఎండలో, ఒకటి నీడలో వేయండి. మరోరోజు రెంటినీ నీడలోనే వేసి, ఒకదానికి విసనకర్రతో విసరండి. ఎండా, గాలీ రెండూ ఆరబెడతాయని పిల్లలు కనిపెడతారు. నీరు ఎక్కడికి పోయిందన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. మేఘం పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఒక్క హెచ్చరిక. ఉరుము వినిపిస్తే అందరూ వెంటనే ఇంట్లోకి రావాలి. చెట్టు కింద నిలబడరాదు. ఆరుబయట నేర్పడమంటే ఎప్పుడు లోపలికి రావాలో నేర్పడం కూడా.

9. సారాంశం

ఆరుబయట వాతావరణ విద్య పాశ్చాత్య దేశాల్లో నగర జీవితానికి విరుగుడుగా పుట్టింది. వలసపాలనలో అది వస్తుపాఠంగా వచ్చి వల్లెవేతగా మారింది. శాంతినికేతన్ ఋతువును వేడుకగానూ, శిక్షాసత్ర, నయీ తాలీం పనిగానూ చదువులోకి తెచ్చాయి. కోస్బాడ్ ప్రయోగం బయట ఉన్న పిల్లల దగ్గరికే బడిని తీసుకువెళ్ళింది. తరువాతి పాఠ్యప్రణాళికలు ఈ సూత్రాన్ని అంగీకరించినా, సమయం, పరీక్ష, బాధ్యత, ఆవరణ అన్న నాలుగు సమస్యలు పాఠాన్ని తిరిగి గదిలోకి నెట్టాయి. పిల్లలకు ముందే తెలిసినదాన్ని గౌరవించి, దానికి కొలతనూ రాతనూ జోడించినప్పుడే ఈ విద్య నిలుస్తుంది.

పరిచయంలో చెప్పిన ఆ పిల్లవాడు పక్కవాడి చెంపకు రాసిన తడి, ఆ రోజు ఆ తరగతిలో జరిగిన ఒకే ఒక వాతావరణ పరిశీలన. మీలో ఉపాధ్యాయులు కాబోయేవారు ఉన్నారు, తల్లిదండ్రులు ఉన్నారు. ఈసారి పాఠం మధ్యలో వాన వస్తే తలుపు తీసి ఉంచండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వస్తుపాఠం వల్లెవేతగా మారడానికి కారణమేమిటి? అయిదు వాక్యాల్లో రాయండి.
2. డెట్‌ఫర్డ్ ఆరుబయలు బడిని, కోస్బాడ్ అంగన్‌వాడీని పోల్చండి.
3. నయీ తాలీంలో వాతావరణ పరిశీలనకు ఉన్న స్థానాన్ని వివరించి, ఆ విధానం మీద వచ్చిన విమర్శను చర్చించండి.
4. మీ ఊళ్ళో ఒక పెద్ద రైతునో, మత్స్యకారుణ్ణో అడిగి, వాన రాకకు వారు చెప్పే మూడు గుర్తులు రాసుకోండి. ఒక నెల రోజులు పిల్లలతో కలిసి పరిశీలించి, ఎన్నిసార్లు నిజమయ్యాయో, ఎన్నిసార్లు కాలేదో నమోదు చేయండి.